సాలీడు, పాము, ఏనుగు: ఒక కలంకారీ గుడ్డ లెక్కల పుస్తకం

సెప్టెంబరు 13, శనివారం

బొమ్మ కంటే ముందు కుండ మొదలైంది. పాత మేకులు, విరిగిన గేటు కీలు, తుప్పు పట్టిన గొళ్లెం ఒకటి. అన్నిటినీ నిప్పుల మీద కాల్చి, చల్లార్చి, మట్టికుండలో వేశాను. చారెడు బెల్లం, ఒక తాటిబెల్లం ముద్ద, పైన నీళ్లు. మూతికి గుడ్డ కట్టి మిద్దె మీద మెట్ల గది నీడలో పెట్టాను. మూడు వారాలు పులిస్తే ఇది కసిమి అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతంతా దీనితోనే.

ఈ లెక్క ఎందుకు రాస్తున్నానో కూడా రాసుకోవాలి. పోయినేడు సెలవు పెట్టి శ్రీకాళహస్తిలో పది రోజులు నేర్చుకుని, ఒక నెమలి వేసుకొచ్చాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాన్ని చూసి అడిగే మొదటి మాట ఒకటే: "ఎన్ని రోజులు పట్టింది?" బాగుందో లేదో తర్వాత. నేను ఒకరితో వారం అన్నాను, ఇంకొకరితో పది రోజులన్నాను, మా బ్యాంకు మేనేజరుతో "మూడు పూటలు సార్" అన్నాను. మూడూ అబద్ధం కాదు, మూడూ నిజం కాదు. అందుకే ఈసారి ప్రతి నిమిషం రాస్తాను. పుస్తకంలో రెండు గళ్లు గీశాను. ఒకటి "చెయ్యి", రెండోది "కాపు". చెయ్యి గుడ్డ మీద ఉన్నంతసేపూ మొదటి గడిలోకి, ఊరికే కాచుకున్నది రెండో దాంట్లోకి.

అక్టోబరు 4, శనివారం

కుండ మూత విప్పితే పుల్లటి వాసన, పైన నురగ. అమ్మ ముక్కు మూసుకుంది. చీమలు అప్పటికే మూడు వరసల్లో వచ్చాయి. పక్కింటావిడ నిన్న వచ్చి "మీ మిద్దె మీద ఏమైనా చచ్చిందేమో చూడండి" అని చెప్పి పోయింది.

గుడ్డ నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గాడా, అంటే ముతక నూలు గుడ్డ. రాత్రంతా నీళ్లలో నానేసి, పొద్దున గంజి పోయేదాకా ఉతికాను. చెయ్యి: 1 గంట 10 నిమిషాలు. ఎండ బాగా కాసింది, మధ్యాహ్నానికి పెళపెళలాడింది.

అక్టోబరు 5, ఆదివారం

కరక్కాయ పొడి, పచ్చి ఎనుము పాలు. ఎనుము పాలే ఎందుకో పోయినసారి నా ఖర్చుతో నేర్చుకున్నాను. ప్యాకెట్ పాలలో వెన్న తీసేసినవి వాడితే గీత గీసిన చోట నిలబడలేదు, బ్లాటింగ్ కాగితం మీద సిరా పాకినట్టు పాకింది. పాలలో కొవ్వు గుడ్డ పోగుల్ని పట్టుకుంటేనే రంగు పక్కకి పోదు. కరక్కాయలో వగరుంది చూశారూ, అది ఇనుముతో కలిసినప్పుడే నలుపు పుడుతుంది. కాబట్టి ఒకటి గీతను పుట్టించేది, ఒకటి గీతను అదుపులో పెట్టేది.

పరీక్షకు రెండు ముక్కలు తీసుకున్నాను. కరక్కాయ పాలు పట్టించని గుడ్డ మీద కసిమితో గీస్తే వెలిసిపోయిన టీ మరక లాంటి గీత వచ్చింది. పట్టించిన గుడ్డ మీద గీస్తే కలం వెనకే నల్లగా తేలింది. ఎన్నిసార్లు చూసినా ఇది నాకు గారడీలాగే ఉంటుంది. అమ్మను పిలిచి చూపించాను. "పాలు ఎన్ని లీటర్లు పోసినావు?" అంది.

చెయ్యి: 1 గంట 30 నిమిషాలు. ఆరిన గుడ్డ లేత పసుపు రంగు తిరిగి, దగ్గరికి పోతే పాల వాసన.

అక్టోబరు 12, ఆదివారం

బొమ్మ తేల్చుకున్నాను. శ్రీకాళహస్తి పేరులోనే ఉంది కదా: శ్రీ అంటే సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు. సాలీడు లింగానికి గూడు అల్లింది, పాము మణులు పెట్టింది, ఏనుగు స్వర్ణముఖి నీళ్లు తొండంతో తెచ్చి పోసి మారేడు పత్రి పెట్టింది. నడిమధ్యలో లింగం, కుడివైపు ఏనుగు, కింద పాము, పైన గూడు. చుట్టూ అంచు.

చింత బరికెలు కాల్చిన బొగ్గుతో గీసుకోవడం. మూడుసార్లు కూర్చున్నాను, రెండుసార్లు దులిపేశాను. మొదటిసారి ఏనుగు ఎంత పెద్దదయిందంటే లింగం దాని ముందు ఉప్పుకల్లులా ఉంది. చెయ్యి: 5 గంటలు. దీంట్లో మూడు గంటల పని దులిపేసిందే. దాన్ని లెక్కలో వెయ్యాలా వద్దా అని కాసేపు తటపటాయించి వేసేశాను. చెరిపింది కూడా నా చెయ్యే.

అక్టోబరు 18 నుంచి నవంబరు 2 దాకా

కసిమి గీత. ఈ రెండు వారాల్లో శని, ఆదివారాలు, బ్యాంకు నుంచి వచ్చాక కూర్చున్న మూడు సాయంత్రాలు. అసలు పని ఇదే.

కలం అంటే వెదురు పుల్ల. ఒక కొన చెక్కి, దానికి కొంచెం పైన గొంగళి ముక్క చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని సిరాను పీల్చుకుని దాచుకుంటుంది. వేళ్లతో నొక్కితే కొన దాకా దిగుతుంది. నొక్కుడు ఎక్కువైతే బొట్టు పడుతుంది, తక్కువైతే గీత మధ్యలో ఎండిపోతుంది. రబ్బరు లేదు, వెనక్కి పోవడం లేదు. నిమ్మరసం పెడితే నలుపు కొంచెం వెలుస్తుంది కానీ ఆ చోటు తెల్లగా పేలిపోయినట్టు కనిపిస్తుంది.

లెక్క ఇలా తేలింది. ఏనుగు 50 నిమిషాలు. లింగం 25. పాము, ఒంటి మీద పొలుసులతో సహా, గంటన్నర. సాలీడు గూడు 3 గంటల 40 నిమిషాలు. అంచు 7 గంటల 55. మొత్తం 14 గంటల 20 నిమిషాలు.

నేను అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు. పెద్ద జంతువుకి పొడుగు గీతలు. చెయ్యి ఒకసారి దారిలో పడితే వీపు మీంచి తోక దాకా జారుకుంటూ పోతుంది. గూటికి పోగులన్నీ మధ్య నుంచి బయటికి, వాటి మీద అడ్డపోగులు, ఒక్కోటీ చీమ కాలంత సన్నం. ఊపిరి బిగబట్టి గీసి, వదిలి, మళ్లీ ముంచి, చిత్తుగుడ్డ మీద బొట్టు దులిపి, మళ్లీ ఊపిరి. మూడున్నర గంటల్లో సగం ముంచడానికీ దులపడానికే పోయిందనిపించింది. చూసేవాళ్లు ముందు చూసేది ఏనుగునే. గూడు చూస్తారో లేదో తెలియదు.

అంచు సంగతి వేరే. తీగ, ఆకు, పువ్వు. తీగ, ఆకు, పువ్వు. మొదటి జానెడు ఇష్టంగా వేశాను, తర్వాత రెండు మూరలు పళ్లు బిగించి వేశాను, ఆఖరుకి వచ్చేసరికి చెయ్యి దానంతటదే పోయింది. ఇప్పుడు చూస్తే ఆ ఆఖరి వైపే బాగుంది. మచిలీపట్నం పక్కన పెడనలో అయితే ఇలాంటి అంచుకి టేకు అచ్చు ఉంటుంది. మచిలీపట్నం పద్ధతి చెక్క అచ్చులది కాబట్టి, అచ్చు చెక్కడానికి పట్టిన కాలం ఒకసారి పడితే ఆ తర్వాత వందల గజాలకి పంచుకోవచ్చు. మాది కలం. ప్రతి ఆకుకీ దాని కాలం దానిదే. ఇక షాపుల్లో కలంకారీ పేరుతో వేలాడే స్క్రీన్ ప్రింటు చీరల గురించి ఇక్కడ రాస్తే పేజీ చాలదు.

అక్టోబరు 26న ఏనుగు నుదుటి మీద కసిమి బొట్టు పడింది, శనగగింజంత. అరగంట చూస్తూ కూర్చున్నాను. ఫోటో తీసి, కాళహస్తిలో నాకు నేర్పిన మాస్టారికి పంపి ఫోన్ చేశాను.

"నిమ్మకాయ పిండితిరా?"

"లేదు మాస్టారూ, మిమ్మల్ని అడిగి చేద్దామని."

"మంచి పని జేసినావు. పట్టం కట్టెయ్ మ్మా దానికి. కాళహస్తి ఏనుగంటే నుదుట పట్టం లేకుండా ఉంటాదా?"

కట్టేశాను. నుదుటి పట్టం, దానికి కింద మూడు గజ్జెలు. ఆ 50 నిమిషాల్లో పదిహేను ఈ బొట్టు దాచడానికి పట్టినవే.

అప్పుడే నా రెండు గళ్ల పుస్తకం గురించి ఆయనకు చెప్పాను. నవ్వారు. "గడియారం బెట్టుకోని గీస్తే గీత గడియారం ముల్లు మాదిరే ఉంటాది. మేం ఎండలు లెక్కబెడ్తాం, ఉతుకులు లెక్కబెడ్తాం. అవి రాసుకో." సరే అని మూడో గడి గీశాను. అప్పటికి ఉతుకు ఒకటి, ఎండలు రెండు.

నవంబరు 9, ఆదివారం

పటిక పూత. ఎర్రగా రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూయాలి. నేను ఎరుపు అనుకున్నది గూడు తప్ప వెనకభాగమంతా, ఏనుగు మీది గుడ్డ, అంచులో పువ్వులు. నిన్నా ఈరోజూ కలిపి చెయ్యి: 6 గంటలు.

చిక్కేమిటంటే పటిక నీళ్లకి రంగు లేదు. తడి ఉన్నంతసేపు మెరుస్తుంది, ఆరితే మాయం. ఎక్కడ పూశానో, ఎక్కడ వదిలానో గుడ్డను వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడాలి. కనిపించని బొమ్మ వేస్తున్నట్టు ఉంటుంది. కనిపించేది ఉడికించాకే.

నవంబరు 10 నుంచి 21

వాన. తిరుపతిలో కార్తీకమంటే దీపాలూ వాయుగుండాలూ రెండూ. గుడ్డ లోపలి గదిలో దండెం మీద పడుకుంది. పటిక పోగుకి పట్టడానికి ఒకటి రెండు రోజులు ఎలాగూ వదలాలి. పన్నెండు రోజులు వదలమని మాత్రం ఎవరూ చెప్పలేదు. కాపు గడి నిండుతోంది.

ఈ ఖాళీలో ఇతర దేశాల చిత్రకారుల కాలాల లెక్క చదివాను. మైకెలాంజెలో రోమ్‌లో సిస్టీన్ ప్రార్థనాలయం లోకప్పు వేసింది 1508 నుంచి 1512 దాకా. అది తడి సున్నం గోడ మీద వేసే పద్ధతి. ఆ పూటకి ఎంత వేయగలరో అంతే సున్నం పూస్తారు, అది ఆరకముందే రంగు ముగించాలి. మరుసటి రోజు దాని పక్కనే కొత్త పూత. ఆ అతుకులు గోడలో ఉండిపోయాయి కాబట్టి, ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా నిపుణులు దగ్గరికి పోయి ఈ బొమ్మ ఇన్ని రోజుల పని అని లెక్కపెట్టగలుగుతున్నారు. లియొనార్డో మిలాన్‌లో చివరి విందు బొమ్మకి ఆ తొందర వద్దనుకుని ఆరిన గోడ మీదే నిదానంగా, మార్చుకుంటూ వేశాడు. దాని ఫలితం, ఆయన బతికుండగానే రంగు పెచ్చులూడటం మొదలైంది. మరోవైపు వాన్ గో. 1890లో ఓవేర్ అనే పల్లెలో గడిపిన చివరి డెబ్బై రోజుల్లో దాదాపు రోజుకొక చిత్రం పూర్తి చేశాడు.

వీళ్లని చదువుతుంటే ఒకటి అర్థమైంది. మైకెలాంజెలోకి గడువు పెట్టింది సున్నం. మాకు గడువు పెట్టేది ఎండ. మైకెలాంజెలోకి సున్నం "ఆరిపోతోంది, తొందరగా కానియ్యి" అని చెప్పింది. మాకు గుడ్డ "ఇంకా ఆరలేదు, ఆగు" అని చెబుతుంది. దేవుడు నాకు రెండోది ఇచ్చాడు, నా నిదానానికి అదే సరి.

నవంబరు 22, శనివారం

ఎండ. పొద్దున ఆరింటికే లేచాను.

ముందు ఉతుకు. గుడ్డకి పట్టని పటిక అంతా పోవాలి, లేకపోతే అది పక్క చోటుకి అంటుకుని అక్కడ కూడా ఎరుపు ఎక్కుతుంది. దీనికి పారే నీళ్లు కావాలి. స్వర్ణముఖిలో నీళ్లున్న రోజుల్లో కాళహస్తి వాళ్లు నదిలోకి దిగి గుడ్డను వాలుకి వదిలి ఉతికేవాళ్లు. నాకున్నది మిద్దె మీద పైపు. సగం పనికి ట్యాంకు నీళ్లు అయిపోయాయి. మిగిలిన సగం బకెట్లో జాడించాను. అది తప్పని నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆరేశాక ఉడకేత. ఎరుపుకి మంజిష్ఠ, సురుడు చెక్క వేసి, పెళ్లిళ్లకి అన్నం వండే స్టీల్ గుండిగ అద్దెకి తెచ్చి, కట్టెల పొయ్యి మీద. నిదానంగా వేడి ఎక్కాలి, గుడ్డను కర్రతో తిప్పుతూనే ఉండాలి. ఆపితే మడతల దగ్గర మచ్చలు. ఉతుకు, ఉడకేత కలిపి చెయ్యి: 3 గంటలు.

గుండిగలోంచి తీసి జాడించి విప్పినప్పుడు గుండె కొట్టుకోవడం నిజం. ఎరుపు వచ్చింది. మంచి ఎరుపు, కొద్దిగా ఇటుక ఛాయతో. మా బోరు నీళ్లు ఆ ఛాయ ఇచ్చాయేమో. దాంతోపాటు ఇంకో రెండు వచ్చాయి. ఒకటి, వెనకభాగంలో పదకొండు తెల్లమచ్చలు, బియ్యపు గింజ నుంచి వేలి గోరంత దాకా. పటిక పూయడం మరిచిన చోట్లు. రెండు, తెల్లగా ఉంచిన ఏనుగు తొండం, దంతం గులాబీ రంగు. బకెట్ పుణ్యం.

అదే సాయంత్రం నెల్లూరు నుంచి వదిన ఫోన్. వాట్సాప్‌లో నేను పెట్టిన గుండిగ ఫోటో చూసిందట. "మా పూజగదిలోకి ఒకటి చేసిపెట్టు అమ్మాయ్. సంక్రాంతికి కావాల. ఎన్ని రోజులు పట్టిద్ది?"

"చెప్తాను వదినా" అన్నాను.

నవంబరు 29, శనివారం

23న మచ్చలకి మళ్లీ పటిక పూశాను, 40 నిమిషాలు. ఈసారి ఒక్కో మచ్చ పక్కన దారంతో ముడి గుర్తు పెట్టుకున్నాను. మంగళవారం ఉతుకు, ఈరోజు రెండో ఉడకేత, రెండూ కలిపి 2 గంటల 20 నిమిషాలు. తొమ్మిది మచ్చలు పూర్తిగా కలిసిపోయాయి. రెండు కొంచెం లేతగా మిగిలాయి. వాటి జోలికి పోను.

నవంబరు 30 నుంచి డిసెంబరు 5

పేడ నీళ్లు. వినడానికి ఎలా ఉన్నా, ఇది కలంకారీలో చాకిరేవు. ఉడికించినప్పుడు పటిక లేని చోట కూడా కొంచెం ఎరుపు పొగలా పడుతుంది. కరక్కాయ పసుపు కూడా ఉంటుంది. గుడ్డను పేడ కలిపిన నీళ్లలో రాత్రంతా నానేసి, పొద్దున జాడించి, ఎండలో పరిచి, ఆరుతుంటే మళ్లీ నీళ్లు చల్లుతూ ఉంటే ఆ పొగ వదిలి తెలుపు తేలుతుంది. మూడు ఎండలు కావాలి. మధ్యలో రెండు రోజులు మబ్బు.

నేను బ్యాంకులో. నీళ్లు చల్లింది అమ్మ. అరగంటకొకసారి మిద్దెక్కి, మగ్గుతో చల్లి, దిగి, కూర దింపి, మళ్లీ ఎక్కి. నా చెయ్యి గడిలో గంటన్నర పడింది. అమ్మ గంటలు ఎంత అని అడిగితే "అదేం పని, నీళ్లు చల్లడమే కదా" అంది. కానీ ఏనుగు దంతం గులాబీ నుంచి తెలుపుకి వచ్చింది ఆమె మోకాళ్ల వల్లే. కలంకారీ ఇళ్లల్లో కూడా ఇదే చూశాను. గీత వేసేది ఒకరు, రంగు నింపేది ఇంట్లో ఆడవాళ్లు, ఉతికేది ఇంకొకరు. మూల సంతకం ఒకటే. "ఈ గుడ్డకి ఎంత కాలం పట్టింది" అంటే ఎవరి కాలం అని ఎదురు అడగాలి ముందు.

డిసెంబరు 7, ఆదివారం

నిన్న రెండోసారి పాలు, 45 నిమిషాలు. ఈసారి ఎండలో గుడ్డ మెత్తగా ఆరింది. ఈరోజు పసుపు: కరక్కాయ పువ్వు మరిగించిన కషాయం, చిటికెడు పటిక. ఏనుగు పట్టం, గజ్జెలు, మణులు, అంచులో తీగ, పాము ఒళ్లంతా. చెయ్యి: 2 గంటల 15 నిమిషాలు. ఇది హాయి పని. గీత ఉంది, రంగు దాని లోపల ఉంటే చాలు. రేడియో పెట్టుకుని వేశాను.

డిసెంబరు 13, శనివారం

నీలిమందు. తొండంలోంచి పడే నీళ్లు, లింగం చుట్టూ నీడ. పాము మీద ఉన్న పసుపుపైన నీలం పడగానే ఆకుపచ్చ. నీలిమందు కలంలో ముద్ద కడుతుంది, గీత తెగుతుంది, మాటిమాటికీ కడగాలి. 3 గంటలు పట్టింది, మెడ పట్టేసింది.

మాస్టారికి ఫోటో పంపాను. ఆయన ఏనుగు గురించి ఒక్క ముక్క అనలేదు. ఫోటోను పెద్దది చేసి గూడు మాత్రం చూసినట్టున్నారు. "పైన ఎడం పక్క నాలుగో పోగు నిద్రపోయింది మ్మా." చూశాను. నిజమే. అక్టోబరులో ఒక బుధవారం సాయంత్రం, బ్యాంకులో ఆడిట్ రోజు, ఇంటికొచ్చి తొమ్మిదింటికి కూర్చుని వేసిన పోగు అది. పుస్తకంలో ఉంది: 20 నిమిషాలు.

డిసెంబరు 14, ఆదివారం

చివరి ఉతుకు, నీడలో కాసేపు, తర్వాత ఎండ, వెనకవైపు నుంచి ఇస్త్రీ. 1 గంట.

పుస్తకంలో గళ్లకి మొత్తం వేశాను. చెయ్యి: 42 గంటల 30 నిమిషాలు. మొదటి ఉతుకు నుంచి ఈరోజు దాకా 72 రోజులు. కుండ పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే 93. మూడో గడిలో ఏడు ఉతుకులు, పన్నెండు ఎండలు. ఇవన్నీ ఒకే గుడ్డవి.

నేర్చుకున్న పది రోజులు ఇందులో లేవు. మాస్టారి నలభై ఏళ్లు అసలే లేవు. 1950ల్లో, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టకపోయి ఉంటే, 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప శెట్టి లాంటి వాళ్లు ఊళ్లోవాళ్లకి చెయ్యి పట్టి నేర్పకపోయి ఉంటే, నాకు ఈ కసిమి కుండ సంగతే తెలిసేది కాదు. దాన్ని ఏ గడిలో వేస్తాను?

గుడ్డ హాల్లో గోడకి పెట్టాం. అమ్మ ముందు దంతం చూసింది, తెల్లగా ఉందా అని. తర్వాత నుదుటి పట్టం చూసి "ఇదే అన్నిటికంటే బాగుంది" అంది. అది బొట్టు పడిన చోటని చెప్పలేదు.

సాయంత్రం మిద్దెక్కి కుండలో ఇంకో బెల్లం ముక్క వేసి కలిపాను. సగం కసిమి మిగిలే ఉంది, కాబట్టి వదిన గుడ్డకి ఆ మూడు వారాలు కలిసొస్తాయి. దిగి వచ్చి ఆమెకి మెసేజ్ పెట్టాను: "తప్పులు చెయ్యకపోతే ఐదు ఉతుకులు, పది ఎండలు వదినా."

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "అంటే ఏ తారీకు?"